రుణమా, కొలువా, ధర్మమా: స్టార్ వార్స్ మూడు రోల్‌ప్లే లైన్లలో ఏది ఎంచుకోవాలి?

స్టార్ వార్స్ ప్రపంచంలో టేబుల్‌టాప్ రోల్‌ప్లే (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) ఆడదామనుకునే బృందానికి మొదటి చిక్కు ఆట మొదలుకాక ముందే, పుస్తకం కొనే దగ్గరే వస్తుంది. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ సంస్థ 2013లో ‘ఎడ్జ్ ఆఫ్ ది ఎంపైర్’, 2014లో ‘ఏజ్ ఆఫ్ రెబెలియన్’, 2015లో ‘ఫోర్స్ అండ్ డెస్టినీ’ అని మూడు మూల పుస్తకాలు (ఒక్కోటి ఒక ఆట లైన్‌కు పునాది) తెచ్చింది. 2020లో ఈ ఆటలు ఎడ్జ్ స్టూడియో చేతికి వెళ్లాయి. మూడూ నాలుగు వందల పేజీలు దాటిన లావుపాటి పుస్తకాలే. మూడింటి కథాకాలమూ ఒకటే: మొదటి డెత్ స్టార్ పేలిపోయిన కొత్తలో, సామ్రాజ్యం ఇంకా బలంగా ఉన్న రోజులు. పాచికలు, యుద్ధం, ఓడల నియమాల అధ్యాయాలు మూడింట్లోనూ దాదాపు అవే. మూడూ కొన్నవాళ్లు ఒకే అధ్యాయాలకు మూడుసార్లు డబ్బు కట్టినట్టే.

ఇక్కడి నుంచి వీటిని ఎడ్జ్, రెబెలియన్, డెస్టినీ అని పొట్టిగా పిలుద్దాం.

చాలామంది వీటిని పాత్రల పట్టిక చూసి ఎంచుకుంటారు. స్మగ్లర్ కావాలంటే ఎడ్జ్, పైలట్ కావాలంటే రెబెలియన్, ఫోర్స్ అనే అతీత శక్తిని వాడే జెడై యోధుడు కావాలంటే డెస్టినీ అనుకుంటారు. ఈ లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది, కానీ తప్పుదారి పట్టిస్తుంది. పాత్రలను ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి తేలిగ్గా తెచ్చుకోవచ్చు. తేలిగ్గా మారనిది వేరే ఉంది. ప్రతి లైన్‌లోనూ ఒక అంకె ఉంటుంది, వారం వారం కథను లాక్కుపోయేది అదే. ఎడ్జ్‌లో దాని పేరు ఆబ్లిగేషన్, రెబెలియన్‌లో డ్యూటీ, డెస్టినీలో మొరాలిటీ. ఎంపిక ఈ మూడింటి మధ్యే.

‘కలుస్తాయి’ అంటే ఎంతవరకు?

ఒకే ప్రపంచంలో నడిచే ఆటలన్నీ నిజంగా ఒకదానితో ఒకటి కలవవు. వార్‌హామర్ 40,000 నేపథ్యంలో 2008లో వచ్చిన ‘డార్క్ హెరసీ’కీ, 2010లో వచ్చిన ‘డెత్‌వాచ్’కీ శాతం పాచికలే (1 నుంచి 100 దాకా అంకె ఇచ్చే రెండు పది ముఖాల పాచికలు) వెన్నెముక. కానీ మొదటిదాంట్లో పాత్రలు మామూలు మనుషులు, రెండోదాంట్లో కవచాలు తొడుక్కున్న మహాయోధులు. ఇద్దరినీ ఒకే పోరాటంలో దింపితే ఒకరికి సవాలైనది ఇంకొకరికి చావు. అక్కడ లైన్ ఎంచుకోవడమంటే పాత్రల బలాన్ని ఎంచుకోవడమే.

స్టార్ వార్స్ మూడు లైన్లలో అలా కాదు. కొత్త పాత్ర ఏ పుస్తకంలో పుట్టినా దాదాపు ఒకే బలంతో ఉంటుంది. మనిషి జాతి పాత్రకు మూడింట్లోనూ ఆరు లక్షణాలూ 2తో మొదలవుతాయి, ఖర్చు పెట్టుకోవడానికి 110 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) ఉంటుంది. లక్షణాన్ని పెంచాలంటే కొత్త విలువకు పదింతలు కట్టాలి. నైపుణ్యానికైతే కొత్త ర్యాంకుకు అయిదింతలు, అది కెరీర్‌లో (పాత్ర ఎంచుకున్న వృత్తిలో) లేని నైపుణ్యమైతే ఇంకో 5. టాలెంట్ చెట్టు (పాత్ర కొనుక్కునే ప్రత్యేక సామర్థ్యాల పట్టిక) ప్రతి చోటా నాలుగు నిలువు, అయిదు అడ్డ వరుసలే. అడ్డ వరుసల ధర పైనుంచి కిందికి 5, 10, 15, 20, 25.

పాచికలూ ఒకటే. ఆకుపచ్చవి ఎనిమిది ముఖాలవి, పసుపువి పన్నెండు ముఖాలవి, ఇవి ఆటగాడి పక్షం. ఊదావి ఎనిమిది ముఖాలవి, ఎర్రవి పన్నెండు ముఖాలవి, ఇవి ఎదుటి పక్షం. అనుకూల పరిస్థితికి నీలం, ప్రతికూలతకు నలుపు, రెండూ ఆరు ముఖాలవి. ఫోర్స్ కోసం తెల్లది, పన్నెండు ముఖాలది. అంకెలుండవు, గుర్తులుంటాయి. పని జరిగిందా లేదా అన్నది ఒక గుర్తు చెబుతుంది, దానితోపాటు మేలో కీడో ఏం జరిగిందన్నది ఇంకోటి చెబుతుంది.

లెక్క వేసి చూస్తే ఈ పాచికల స్వభావం అర్థమవుతుంది. ఒక ఆకుపచ్చ పాచిక ఎనిమిది ముఖాలమీద కలిపి అయిదు విజయ గుర్తులు, అయిదు మేలు గుర్తులు ఉన్నాయి. ఊదా పాచికమీద నాలుగు వైఫల్యాలు, ఆరు కీడులు. అంటే ఒకదానికొకటి ఎదురు పెడితే గుర్తుల సగటు విజయం వైపే కాస్త మొగ్గు, కానీ చిక్కు వైపూ అంతే మొగ్గు. పని అవుతుంది, పేచీ మిగులుతుంది. స్టార్ వార్స్ సినిమాల నడక ఇదే కదా. ఈ నడక మూడు లైన్లకూ ఉమ్మడి సొత్తు, దీనికోసం ఫలానా పుస్తకమే కొనాలన్నది లేదు.

ఇంకో ఆనవాలు: పైలట్ స్పెషలైజేషన్ (కెరీర్ లోపలి శాఖ, ఒక్కోదానికి ఒక టాలెంట్ చెట్టు) ఎడ్జ్‌లో స్మగ్లర్ కెరీర్ కింద ఉంది, రెబెలియన్‌లో ఏస్ కెరీర్ కింద ఉంది. మెకానిక్, స్లైసర్ (కంప్యూటర్లలోకి చొరబడేవాడు), స్కౌట్ కూడా ఆ రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి. ఓడ నడిపే పాత్ర కోసం రెండో పుస్తకం కొనేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఎడ్జ్: రుణం మీద నడిచే కథ

ఆబ్లిగేషన్‌ను చాలామంది అప్పుగా అర్థం చేసుకుంటారు. అప్పు అందులో ఒక రకం మాత్రమే. తలమీద వెల, బెదిరింపు, కుటుంబం, ఎవరికో ఇచ్చిన మాట, చేసిన ద్రోహం, వ్యసనం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగులో దీనికి చక్కటి మాట రుణం. డబ్బు రుణమూ రుణమే, పెంచినవాళ్ల రుణమూ రుణమే, తీరకపోతే వెంటాడుతుంది. తెలుగులో ఆడే బృందం ఈ మాటనే వాడితే కొత్తవాళ్లకు వివరించాల్సిన పని సగం తగ్గుతుంది.

యంత్రాంగం ఇలా ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్లయితే తలా 20తో, ముగ్గురైతే 15తో, నలుగురైదుగురైతే 10తో, ఆరుగురు పైబడితే 5తో మొదలవుతారు. ఇంకాస్త రుణం నెత్తికెత్తుకుంటే దానికి ప్రతిఫలం ఉంది: 5కి 5 ఎక్స్‌పీ లేదా వెయ్యి క్రెడిట్లు (ఆ లోకపు డబ్బు), 10కి 10 ఎక్స్‌పీ లేదా 2,500 క్రెడిట్లు. అయితే అదనంగా తీసుకునేది మొదటి విలువను మించకూడదు. అందరి రుణాలనూ ఒక పట్టికలో పేర్చి, ప్రతి సెషన్ మొదట్లో గేమ్ మాస్టర్ (కథను, ఎదుటి పాత్రలను నడిపేవాడు) శాతం పాచికలు వేస్తాడు. ఎవరి గీతలో పడితే వాళ్ల రుణం ఆ రోజు తలుపు తడుతుంది. ఆ పాత్ర స్ట్రెయిన్ (అలసట, ఒత్తిడి) పరిమితి ఆ సెషన్‌కు 2 తగ్గుతుంది, మిగతావాళ్లది 1. రెండు అంకెలూ ఒకటే పడితే ఈ దెబ్బ రెట్టింపు.

ఇక్కడ చాలా టేబుళ్లలో జరిగే పొరపాటు పాత్రల తయారీ రోజే జరుగుతుంది. అయిదుగురు కూర్చుంటారు, తలా 10తో మొదలవుతారు, పది ఎక్స్‌పీ ఊరికే వస్తోంది కదా అని ప్రతి ఒక్కరూ ఇంకో 10 తీసుకుంటారు. మొత్తం 100. ఇక పాచికలు ఎలా పడినా ప్రతి సెషన్‌లోనూ ఎవరిదో ఒకరి రుణం మేలుకుంటుంది. గేమ్ మాస్టర్ అనుకున్న కథ పక్కకు పోయి, అంతా అప్పులవాళ్ల వెంటే తిరగడమవుతుంది. అక్కడినుంచి ఇంకో చిన్న రుణం చేరి మొత్తం 100 దాటితే, అది తగ్గేదాకా ఎవరూ ఎక్స్‌పీ ఖర్చు పెట్టుకోలేరు. మొత్తం 40 నుంచి 60 మధ్య ఉంటే రెండు సెషన్లకొకసారి రుణం పలుకుతుంది, కథకు ఊపిరి ఆడుతుంది. పాత్రలు తయారయ్యే రోజునే గేమ్ మాస్టర్ మొత్తం కూడి చూసి, ఎక్కువైతే ఎవరు వెనక్కి తగ్గుతారో అక్కడికక్కడే తేల్చుకోవడం మేలు.

రెండో చిక్కు హాజరు. పాచిక పడిన రోజున ఆ రుణం ఉన్న ఆటగాడు రాకపోతే సెషన్ నడుము విరుగుతుంది. ఆఫీసు షిఫ్టుల మధ్య, ఇంటి పనుల మధ్య కలిసే బృందాలకు ఎడ్జ్ అందుకే కొంచెం ఇబ్బంది పెడుతుంది. దీనికి మందు లేకపోలేదు: పాచికను సెషన్ మొదట్లో కాకుండా గత సెషన్ చివర్లోనే వేసేయడం. ఎవరి వంతో ముందే తెలుస్తుంది, గేమ్ మాస్టర్‌కు సిద్ధం కావడానికి వారం దొరుకుతుంది, ఆ ఆటగాడికి రావడానికి కారణమూ దొరుకుతుంది.

ఆట మొదలయ్యేసరికి బృందానికి ఒక ఓడ ఉంటుంది. ఓడ ఉండటమంటే ఎక్కడికైనా వెళ్లగలగడం. పై అధికారి లేడు, పని ఇచ్చేవాడు నచ్చకపోతే ఇంకో గ్రహం. ఏం చేయాలో తమంతట తాము తేల్చుకోగల ఆటగాళ్లకు ఇది పండగ. “ఇప్పుడేం చేద్దాం” అని గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకునే బృందానికి నరకం.

రెబెలియన్: కొలువు మీద నడిచే కథ

డ్యూటీ మొదటి విలువలు కూడా ఆబ్లిగేషన్ లాగే ఆటగాళ్ల సంఖ్యను బట్టే ఉంటాయి. కానీ బేరం తిరగబడుతుంది. అక్కడ రుణం పెంచుకుంటే ఎక్స్‌పీ వచ్చేది, ఇక్కడ ఉన్న డ్యూటీని వదులుకుంటే వస్తుంది. తిరుగుబాటు దళంలో పరువు తగ్గించుకుని సామాను తెచ్చుకోవడమన్నమాట. సెషన్ మొదట్లో పాచిక పడితే దెబ్బకు బదులు మేలు జరుగుతుంది: ఆ పాత్ర గాయాల పరిమితి 2, మిగతావాళ్లది 1 పెరుగుతుంది.

గూఢచర్యం, విధ్వంసం, కొత్తవాళ్లను చేర్చడం, అంతరిక్షంలో పైచేయి, ఇలా ప్రతి పాత్రకూ ఒక రకం డ్యూటీ ఉంటుంది. ఆ రకం పని చేస్తే అంకె పెరుగుతుంది. అందరిదీ కలిపి 100 చేరితే బృందం కాంట్రిబ్యూషన్ ర్యాంకు ఒకటి పెరుగుతుంది, దళం ఏదో ఒక బహుమతి ఇస్తుంది, అంకెలు మళ్లీ సున్నాకు వస్తాయి. మొదలుపెట్టేటప్పుడే ఓడో, యుద్ధ విమానాలో, స్థావరమో బృందానికి ఉంటుంది. అది దళానిది, వాళ్ల సొంతం కాదు. ఈ తేడా చిన్నది కాదు. ఎడ్జ్‌లో ఓడ పోతే బతుకు పోయినట్టు, రెబెలియన్‌లో ఓడ పోతే సంజాయిషీ రాసుకోవాలి.

హాజరు సక్రమంగా లేని బృందాలకు మూడింటిలోనూ ఇదే నప్పుతుంది. ఆదేశం వస్తుంది, ఆ వారం వచ్చినవాళ్లు ఆ పనిమీద వెళ్తారు, రానివాళ్లు స్థావరంలో ఇంకో పనిలో ఉన్నారనుకుంటే సరిపోతుంది. కొత్త గేమ్ మాస్టర్‌కు కూడా ఇదే సులువు. ఒక మిషన్‌కు మొదలు, నడుమ, చివర ముందే ఉంటాయి.

చెడేది ఎక్కడంటే అంతరిక్ష యుద్ధంలో. రెబెలియన్‌లో విమానాలు చూసి అందరూ ఏస్‌లుగా పుడతారు. తిరుగుబాటు దళం యుద్ధ విమానం ఎక్స్-వింగ్ పొట్ట దెబ్బల పరిమితి 10, కవచం 3. సామ్రాజ్యపు యుద్ధ విమానం టై ఫైటర్ లేజర్ దెబ్బ 6. దానికి రెండు విజయాలు కలిస్తే 8, కవచం పోను 5. అలాంటివి రెండు తగిలితే పరిమితి నిండుతుంది, మూడోది తగిలితే విమానం పనికిరాదు. నలుగురు పైలట్ల మీదికి ఎనిమిది టైలను పంపే గేమ్ మాస్టర్ రెండో రౌండుకే సగం బృందాన్ని ఖాళీగా కూర్చోబెడతాడు. నియమాల్లో తప్పేమీ లేదు, అంతరిక్ష పోరాటం ఇక్కడ కావాలనే క్లుప్తంగా, ప్రాణాంతకంగా రాశారు. టైలను రెండేసి, మూడేసి చొప్పున మినియన్ గుంపులుగా (ఒకే శత్రువుగా లెక్కించే చిల్లర దండుగా) కట్టాలి, తప్పించుకునే విన్యాసాలను ఆటగాళ్లకు మొదటి యుద్ధానికి ముందే నేర్పాలి. ఈ లైన్ గేమ్ మాస్టర్ కిట్‌లో ఉన్న స్క్వాడ్, స్క్వాడ్రన్ నియమాలు ఇలాంటి చోటే అక్కరకొస్తాయి: నాయకుడి వెంట ఉన్న అనుచరులు దెబ్బ కాచుకుంటారు.

డెస్టినీ: ఎక్కువమంది తొందరపడి కొనేది

లైట్‌సేబర్ (జెడైల వెలుగు కత్తి) కోసం డెస్టినీ కొనేవాళ్లే ఎక్కువ. తీరా పాత్ర తయారు చేశాక చూస్తే చేతిలో 500 క్రెడిట్లుంటాయి, ఇలం స్ఫటికం (కత్తికి శక్తినిచ్చే రాయి) ఉన్న సాదా లైట్‌సేబర్ వెల తొమ్మిది వేల పైమాట. ఫోర్స్ రేటింగ్ 1, అంటే ఒకే ఒక్క తెల్ల పాచిక. కొత్తగా పుట్టిన ఈ పాత్ర జెడై కాదు, శక్తి ఉందని ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్న పరారీ మనిషి. పుస్తకం ఉద్దేశమే అది. ఆ సంగతి తెలియక కొన్నవాళ్లు మొదటి నెలలోనే నీరసపడతారు.

ఆ ఒక్క తెల్ల పాచికను కాస్త దగ్గర్నుంచి చూద్దాం. పన్నెండు ముఖాల్లో ఏడు చీకటివి, అయిదు వెలుగువి. చీకటి ముఖాల్లో ఆరింటిమీద ఒక్కో చుక్క, ఒకదానిమీద రెండు. వెలుగు ముఖాల్లో రెండింటిమీద ఒక్కో చుక్క, మూడింటిమీద రెండేసి. చుక్కలు కూడితే అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. అంటే చీకటి తరచుగా వస్తుంది, వెలుగు అరుదుగా వచ్చినా దండిగా వస్తుంది. పాచిక చేసినవాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. ఒకే పాచిక ఉన్నవాడికి వెలుగు పడేది పన్నెండింటిలో అయిదుసార్లే. మిగతా ఏడుసార్లు రెండే దారులు: శక్తి పనిచేయలేదని ఊరుకోవడం, లేదా చీకటి చుక్కను వాడుకోవడం. వాడుకుంటే ఒక డెస్టినీ పాయింట్ (ఒకవైపు వెలుగు, ఇంకోవైపు చీకటి ఉన్న ఉమ్మడి బిళ్ల) తిరగేయాలి, చుక్కకొక స్ట్రెయిన్ భరించాలి, చుక్కకొక కాన్‌ఫ్లిక్ట్ మూటగట్టుకోవాలి. (డెస్టినీ పాయింట్లు మూడు లైన్లలోనూ ఉంటాయి, పేరు ఒకటే కావడం యాదృచ్ఛికం.)

ఆ కాన్‌ఫ్లిక్టే మొరాలిటీని కదిపే అంకె. అందరూ 50తో మొదలవుతారు. కావాలనుకుంటే 71 దగ్గరో 29 దగ్గరో మొదలుపెట్టొచ్చు, వద్దనుకుంటే దాని బదులు ఎక్స్‌పీ, క్రెడిట్లు తీసుకోవచ్చు. సెషన్ అయ్యాక పది ముఖాల పాచిక వేసి, ఆ రోజు పోగైన కాన్‌ఫ్లిక్ట్‌తో పోల్చాలి. కాన్‌ఫ్లిక్ట్ 4 ఉండి పాచిక 7 పడితే మొరాలిటీ 3 పెరుగుతుంది. 2 పడితే 2 తగ్గుతుంది. 70 దాటితే వెలుగు వైపు నిలిచినట్టు, 30 కంటే కిందికి జారితే చీకటి వైపు పడినట్టు. స్వార్థం కోసం అబద్ధమాడితే 1, హత్య చేస్తే 10 లేదా అంతకన్నా ఎక్కువ.

లోపం ఈ లెక్కలోనే దాగుంది. పది ముఖాల పాచిక సగటు 5.5. మర్యాదగా నడుచుకుని, తెల్ల పాచికను పొదుపుగా వాడి, కాన్‌ఫ్లిక్ట్ లేకుండా బయటపడే ఆటగాడు నాలుగు సెషన్లలో 50 నుంచి 70 దాటేస్తాడు. సెషన్‌కు రెండు కాన్‌ఫ్లిక్ట్‌లు చొప్పున తెచ్చుకున్నా ఆరేడు సెషన్లలో అక్కడికే చేరతాడు. చీకటిలోకి జారే ప్రమాదం కాగితం మీదే మిగిలిపోతుంది. అనుభవమున్న టేబుళ్లు దీన్ని రెండు రకాలుగా సరిదిద్దుకుంటాయి: ఆ పాత్ర నీతిని నిజంగా పరీక్షించిన సెషన్లలోనే పాచిక వేయడం ఒకటి, చేసినదానికే కాక చేయకుండా ఊరుకున్నదానికీ కాన్‌ఫ్లిక్ట్ ఇవ్వడం ఇంకొకటి. రెండోది పుస్తకం ఒప్పుకున్నదే, గేమ్ మాస్టర్లే మొహమాటపడి వాడరు.

సినిమాల్లో చూసిన జెడై మొదటి రోజు నుంచే కావాలంటే పుస్తకంలో నైట్ స్థాయి ఆట అని ఒక దారి ఉంది. ప్రతి పాత్రకూ అదనంగా 150 ఎక్స్‌పీ, దాంతోపాటు ఒక లైట్‌సేబరో తొమ్మిది వేల క్రెడిట్లో ఇస్తారు. డెస్టినీ ఎంచుకున్న టేబుళ్లలో సగానికి పైగా ఇక్కడినుంచి మొదలుపెడితేనే బాగుంటుంది. ఇది గేమ్ మాస్టర్ ఒక్కడే తేల్చాల్సిన విషయం కాదు, అందరినీ అడగాలి.

కలిపి ఆడేటప్పుడు ఎక్కడ తెగుతుంది

మూడు పుస్తకాలూ కలుస్తాయన్న భరోసాతో ఒక స్మగ్లర్, ఒక సైనికుడు, ఇద్దరు ఫోర్స్ మనుషులు ఒకే టేబుల్‌కు వస్తారు. ఎవరి పుస్తకం అంకె వాళ్లు తెచ్చుకుంటారు. నలుగురిలో ఒక్కడికే ఆబ్లిగేషన్ 10 ఉంటే అది పదిసార్లకు ఒకసారి పలుకుతుంది. ఒక్కడికే డ్యూటీ ఉంటే 100 చేరడానికి ఏళ్లు పడుతుంది. మొరాలిటీ ఇద్దరికే కదులుతుంది. మూడు యంత్రాలూ తిరుగుతూనే ఉంటాయి, ఒక్కటీ బండిని లాగదు. అందుకని టేబుల్‌కంతటికీ ఒకే అంకె పెట్టుకోవడం మంచిది. ఎడ్జ్ అయితే సైనికుడికీ రుణం ఉండాలి, బహుశా పాత దళానికి ఇచ్చిన మాట. ఫోర్స్ ఉన్నవాళ్లకు మాత్రం దానిపైన మొరాలిటీ కూడా ఉంచొచ్చు, తెల్ల పాచిక దానితో ముడిపడి ఉంది కాబట్టి. కాకపోతే మొదట్లో వచ్చే అదనపు ఎక్స్‌పీ, క్రెడిట్లు ఏదో ఒక అంకె నుంచే ఇవ్వాలి. రెండింటి నుంచీ ఇస్తే ఫోర్స్ పాత్రలు మొదటి రోజే ముందుంటాయి.

ఎక్స్‌పీ ఖర్చులో ఒక ఉచ్చు ఉంది. కొత్త స్పెషలైజేషన్ ధర, దానితో కలిపి మొత్తం ఎన్ని ఉంటాయో అంతకు పదింతలు. సొంత కెరీర్ బయటిదైతే ఇంకో 10. స్మగ్లర్ ఒకడు డెస్టినీలోని సోరెసు డిఫెండర్ చెట్టు కొంటే 30 అవుతుంది, కానీ దాంతో ఫోర్స్ రేటింగ్ రాదు. డెస్టినీలో ఆ రేటింగ్ ఇచ్చేది కెరీర్, చెట్టు కాదు. బయటివాళ్లు ఎడ్జ్‌లోని ఫోర్స్ సెన్సిటివ్ ఎక్సైల్‌నో, రెబెలియన్‌లోని ఫోర్స్ సెన్సిటివ్ ఎమర్జెంట్‌నో కొనాలి. ఇవి ఎవరికైనా సొంత కెరీర్ ధరకే దొరుకుతాయి. ముందు ఏది కొన్నా రెండూ కలిపి 60. ఇది తెలియక చెట్టు మాత్రమే కొన్నవాడు, పాచిక లేకుండా పాచిక అడిగే టాలెంట్ల ముందు కూర్చుంటాడు.

ఇది అన్యాయంలా కనిపిస్తుంది గానీ, డెస్టినీ పాత్రలు కూడా ఆ రేటింగ్‌కు వేరే రూపంలో వెల కడుతున్నాయి. ఎడ్జ్, రెబెలియన్ కెరీర్లలో ఎనిమిది నైపుణ్యాలుంటాయి, వాటిలో నాలుగింటికి ఉచిత ర్యాంకు. డెస్టినీలో ఆరే ఉంటాయి, మూడింటికే ఉచితం. ఆ పాత్రల ఫోర్స్ రేటింగ్ 2కి పెరగాలన్నా ఎక్కువ చెట్లలో చివరి వరుస దాకా దిగాలి. అడ్డదారుల్లేకుండా నేరుగా దిగినా 75 ఎక్స్‌పీ. సెషన్‌కు 15 చొప్పున ఇచ్చే టేబుల్‌లో అయిదు సెషన్లు, వేరే ఏమీ కొనకుండా.

ఆయుధాల పట్టికలు ఇంకో గండం. ఎడ్జ్‌లోని లైట్‌సేబర్ దెబ్బ 10, క్రిటికల్ (తీవ్ర గాయానికి కావాల్సిన మేలు గుర్తులు) 1. డెస్టినీలోని సాదా లైట్‌సేబర్ దెబ్బ 6, క్రిటికల్ 2, స్ఫటికాన్ని పూర్తిగా తీర్చిదిద్దితేనే మొదటిదానితో సమానమవుతుంది. ధరలు దగ్గరదగ్గరే. ఎవరి పుస్తకం వాళ్లు చూసుకుని కొంటే, స్మగ్లర్ చేతిలో ఉన్నది ఫోర్స్ మనిషి కత్తి కంటే పదునైనదవుతుంది. కలిపి ఆడే టేబుల్‌లో డెస్టినీ అంకెలే ఖాయం చేయాలి.

ఆ అంకెలతో కూడా కత్తి కత్తే. స్టార్మ్‌ట్రూపర్ (సామ్రాజ్య సైనికుడు) కవచం, ఒళ్లు కలిపి 5 దెబ్బలు మింగుతుంది. బ్లాస్టర్ పిస్టల్ దెబ్బ 6, ఒక విజయంతో 7, అందులో 5 పోను మిగిలేది 2. లైట్‌సేబర్‌కూ అదే 7, కానీ దాని బ్రీచ్ (కవచాన్ని చీల్చే) గుణం ముందు ఆ 5 నిలవదు. ఏడూ తగిలి మనిషి పడిపోతాడు. పక్కనున్న స్మగ్లర్‌కు బ్లాస్టర్ రైఫిల్ ఇచ్చినా, దెబ్బ 9 కాబట్టి, అదే ఒక విజయంతో 5 దాకా వెళ్తుంది, ట్రూపర్ ఇంకా నిలబడే ఉంటాడు. అందుకే కలగలుపు టేబుల్‌లో గేమ్ మాస్టర్ చేయకూడని పని, కవచం పెంచి శత్రువులను బలపరచడం. దానివల్ల కత్తివాడికి ఏమీ కాదు, తుపాకీవాళ్లు మాత్రం మూలన కూర్చుంటారు. దూరం పెంచాలి, గుంపులను రెండు చోట్ల పెట్టాలి, తలుపులు, టర్మినళ్లు, ఇంజిన్లు ఎవరో ఒకరు చూసుకోవాల్సిన పరిస్థితి తేవాలి. కత్తి తీసినవాడిని సామ్రాజ్యం గుర్తుపడుతుందన్న భయం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

చిన్నాచితకా తేడాలూ ఉన్నాయి. ఎడ్జ్ నైపుణ్యాల పట్టికలో యుద్ధవిద్య జ్ఞానం ఉండదు, రెబెలియన్‌లో ఉంటుంది, పాత్ర కాగితం మీద రాసుకుంటే సరి. ఒక్కో పుస్తకంలోనూ ఎనిమిదేసి జాతులుంటాయి. ఎడ్జ్, రెబెలియన్‌లలో డ్రాయిడ్లు (యంత్ర మనుషులు) ఉన్నాయి, డెస్టినీలో లేవు. డ్రాయిడ్‌కు ఫోర్స్ రాదు కాబట్టి అది మరిచిపోయింది కాదు.

కొనే వరుస

ముందు మూల పుస్తకం కొనకూడదు. ప్రతి లైన్‌కూ ఒక బిగినర్ పెట్టె ఉంది. తయారైన పాత్రలు, చిన్న కథ, మ్యాపు, పాచికలు అందులో ఉంటాయి. ఒకటి రెండు సెషన్లు ఆడాక బృందానికి ఈ గుర్తుల పాచికలు నచ్చాయో లేదో తేలిపోతుంది. నచ్చకపోతే నష్టం పెట్టెతోనే ఆగుతుంది.

పెట్టెలో వచ్చే పాచికలు పద్నాలుగు: ఆకుపచ్చ 3, పసుపు 2, ఊదా 3, ఎరుపు 1, నీలం 2, నలుపు 2, తెలుపు 1. ఇది ఆషామాషీగా వేసిన లెక్క కాదు. లక్షణం, నైపుణ్యం రెండింటిలో పెద్దది ఎంతో అన్ని పాచికలు తీసుకోవాలి, చిన్నది ఎంతో అన్నింటిని పసుపుగా మార్చాలి. కొత్త పాత్రకు లక్షణం 5 దాటదు, నైపుణ్యం 2 దాటదు. అంటే గరిష్ఠంగా రెండు పసుపు, మూడు ఆకుపచ్చ. పెట్టె సరిగ్గా అంతవరకే సరిపోతుంది. నైపుణ్యం మూడో ర్యాంకుకు చేరిన రోజున, లేదా డెస్టినీ పాయింట్‌తో ఇంకో పాచికను పసుపు చేసుకున్న క్షణాన, రెండో పొట్లం కావాలి. ఫోర్స్ రేటింగ్ పెరిగే టేబుల్‌కైతే తెల్లవి త్వరగా చాలకుండా పోతాయి. మామూలు పాచికలతో ఆడుకోవడానికి మూల పుస్తకాల్లో మార్పిడి పట్టిక ఉంది. అది ఒక సెషన్ వరకు ఫర్వాలేదు. ఏడు పాచికలు వేసి ఏడుసార్లు పట్టిక చూసుకుంటుంటే ఆట జోరు చస్తుంది. విదేశాల నుంచి పొట్లాలు తెప్పించుకోవడం కష్టమైతే, ఆన్‌లైన్‌లో కలిసే బృందాలకు డిస్కార్డ్ బాట్లు ఈ గుర్తులను క్షణంలో కూడి చెబుతాయి.

తర్వాత ఒకే ఒక్క మూల పుస్తకం. దాని తర్వాత కూడా రెండో మూల పుస్తకం కంటే కెరీర్ పుస్తకాలే ఎక్కువ పనికొస్తాయి. ఒక్కోదాంట్లో ఒక కెరీర్‌కు మూడు కొత్త స్పెషలైజేషన్లు, కొన్ని జాతులు, సామాను, చివర్లో గేమ్ మాస్టర్‌కు పనికొచ్చే ఒక పెద్ద విషయం ఉంటాయి. ఆ చివరి విషయం లైన్ చూడదు. టెక్నీషియన్ పుస్తకంలో ఆయుధాలు, డ్రాయిడ్లు తయారు చేసే నియమాలున్నాయి, అవి రెబెల్ ఇంజినీరుకూ అంతే పనికొస్తాయి. రెబెలియన్ ఇంజినీరు పుస్తకంలో ఓడలు కట్టే నియమాలు స్మగ్లర్‌కూ కావాల్సినవే. క్లోన్ యుద్ధాల కాలంలో ఆడదలిస్తే 2019లో వచ్చిన రెండు కాలపు పుస్తకాలు అటు జెడైలకు, ఇటు క్లోన్ సైనికులకు దారి చూపుతాయి. కానీ వాటికి కింద ఏదో ఒక మూల పుస్తకం ఉండాల్సిందే, ఆ కాలానికైతే డెస్టినీయే నయం.

మొదట ఒకటి ఎంచుకుని తర్వాత మనసు మారితే కంగారు లేదు. స్మగ్లర్లుగా మొదలైన బృందం తిరుగుబాటు దళంలో చేరడం మామూలే. అప్పుడు ఒక సెషన్‌ను సంధిగా పెట్టుకోవాలి. ఎవరి రుణం ఏ పనితో తీరుతుందో ఆ సెషన్‌లో తీర్చేయాలి. తీరని రుణాన్ని 5 దగ్గర ఉంచేసి, కథలో మాత్రమే వాడాలి. ప్రతి పాత్రకూ బృందం సంఖ్య ప్రకారం డ్యూటీ మొదటి విలువ ఇవ్వాలి, బదులు ఎక్స్‌పీ, క్రెడిట్ల బేరం మాత్రం మళ్లీ తెరవకూడదు. ఓడను బృందం దగ్గరే ఉంచి, దళం దాన్ని పనికి వాడుకుంటుందని ఒప్పందం చేసుకుంటే సరిపోతుంది. ఆ ఓడ మీదున్న పాత అప్పు ఎవరు కట్టాలన్నది కమాండర్ ముందు మొదటి పేచీ అవుతుంది, దాన్ని పరిష్కరించే తొందర గేమ్ మాస్టర్‌కు అక్కర్లేదు.